వెనుక దళం నది దాటిన వేసవి

ఉప్పుగూడ రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో, ఇస్త్రీ బండికీ కూల్‌డ్రింకుల దుకాణానికీ నడుమ, కృపాకర్ అద్దె పుస్తకాల షాపు ఉంది. పొద్దున్నే వచ్చి షట్టరు సగం ఎత్తి కూర్చుంటాడు. మిగతా సగం ఎందుకు ఎత్తవని అడిగితే, ఒళ్ళు వంచి లోపలికి రాలేనివాడు పుస్తకం మాత్రం పూర్తి చేస్తాడా అంటాడు. నిజానికి షట్టరు అక్కడ తుప్పుపట్టి ఇరుక్కుపోయింది.

ఆ షాపుకు రెండు జాతుల మనుషులు వస్తారు. యుద్ధాల చరిత్రలు చదివేవాళ్ళు ఒక జాతి, సాహసాల నవలలు చదివేవాళ్ళు ఇంకో జాతి. వాళ్ళు వీళ్ళను చిన్నపిల్లలంటారు, వీళ్ళు వాళ్ళను శవాలు లెక్కపెట్టేవాళ్ళంటారు. ఇద్దరి ఇళ్ళలోనూ గ్యాస్ సిలిండరు మార్చేది ఆడవాళ్ళే.

బడులకు సెలవులిచ్చిన తర్వాత వచ్చే ఆదివారం కృపాకర్ షాపు ముందు చాపలు పరిచి వేసవి పుస్తకాలు బయట పెడతాడు. ఆ రోజు భార్యలు కూడా వెంట వస్తారు. మొగుడు ఏ చొక్కా కొనుక్కున్నా పట్టించుకోని ఆడవాళ్ళు కూడా ఆ రోజు మాత్రం పొయ్యి ఆర్పేసి వస్తారు. ఎందుకంటే పుస్తకం తెరిచి చదవడం మొదలుపెడితే అందులోని గాలి ఇంట్లోకి వస్తుంది. లోపల వానైతే వాన, ఎండైతే ఎండ. ఆఖరి పేజీ చదివి మూసేదాకా పోదు. మే నెలలో కరెంటు పోవడం ఎంత మామూలో ఉప్పుగూడలో ఇదీ అంతే మామూలు.

నిరుడు లక్ష్మీకాంత్ అడవుల్లో జరిగిన యుద్ధం ఒకటి తీసుకుపోయాడు. హాలు గోడలకు నాచు పట్టింది, బాత్‌రూములో జలగలు తిరిగాయి. ఆయన మాత్రం సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, చరిత్ర అంటే ఇట్లనే ఉంటదని అన్నాడట. జలగలను ఏరింది ఎవరో చెప్పక్కర్లేదు.

అంతకుముందు గుండయ్య సంగతి ఒకటుంది. దాన్ని ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. ఒక కోటను శత్రువులు చుట్టుముట్టిన చరిత్ర చదివాడాయన. కోటలో నీళ్ళు అయిపోయాయి, లోపలివాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. తెల్లారి చూస్తే గుండయ్య కుర్చీలోనే ఉన్నాడు, పెదాలు బీటలు వారి, నాలుక ఎండిపోయి. పక్కన బిందె నిండా మంచినీళ్ళు. "గుండయ్య పుస్తకం పూర్తి చేసిండు" అని మాత్రం అంటారు. పుస్తకం ఎవరి వెంట నడుస్తుందో చదివేవాడు కూడా వాళ్ళ వెంటే పోవాలి మరి.

అప్పటినుంచి చాప మీది పుస్తకం చేతిలోకి తీసుకునే ముందు అందరూ ఒకటే అడుగుతారు, ఆఖరికి ఏమవుతుందని. ఇంకొక నియమం కూడా ఉంది. ఒక కప్పు కింద ఒకే పుస్తకం తెరవాలి. రెండు తెరిస్తే రెండు గాలులూ కొట్టుకుంటాయి. ఏది గెలుస్తుందో ఎవరికీ తెలియదు.

ఈ వేసవిలో విఠల్‌రావు చాప మీదినుంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ఆయన కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేస్తాడు. తాతల కాలంనుంచి ఉప్పుగూడలోనే ఉన్న కుటుంబం. ఎక్కడో పేరు పలకరాని దేశంలో ఏ గుట్ట మీద ఏ ఫిరంగి నిలబెట్టారో ఆయనకు తెలుసు. సొంత ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు.

పుస్తకం పేరు 'మంచునది'. అట్ట మీద తెల్లటి మైదానం, నడుమ నల్లగా ఒక గీత.

"గిది చల్లగుంటదా?" అని భార్య రమాబాయి అడిగింది.

"మస్తుగుంటది. మొత్తం మంచే."

"ఆఖరికి ఏమైతది?"

"ఏమైతది? సైన్యం ఓడిపోయి వాపస్ వస్తది. దుష్మన్ గుర్రాలు తరుముతయి. సైన్యం గడ్డకట్టిన నది దాటి ఇంటికి చేరుతది. ఎవల్నడిగినా ఇదే చెప్తరు. చరిత్ర ఇది."

పక్కన పరబ్రహ్మం నవ్వాడు. ఆయన గోదావరి జిల్లానుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి విఠల్‌రావు ఇంటి పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. సాహసాల నవలలంటే ప్రాణం పెడతాడు. గోడ మీద బల్లి కనిపిస్తే భార్యను పిలుస్తాడు.

"జాగ్రత్తండీ విఠల్‌రావుగారూ. మీ చరిత్రలో చచ్చినోళ్ళు చచ్చినట్టే ఉంటారు. మా హీరో అయితే కొండ మీంచి పడ్డా మధ్యలో ఓ కొమ్మ దొరుకుద్ది."

"ఆ కొమ్మను మీ రచయితే నాటుంటడు లెండి."

ఈలోగా పరబ్రహ్మం చెయ్యి మెల్లగా ఒక ఎడారి నవల మీదికి పోయింది. భార్య కోటేశ్వరమ్మ దాన్ని లాక్కుని చాప మీద పడేసింది. "ఎడారా? ఈ ఎండల్లోనా? మతుండే తీస్తున్నారా? ఇదుగో, తేయాకు తోటల్లో నిధి. నోరు మూసుకుని ఇది చదువుకోండి." పరబ్రహ్మం తేయాకు తోటలు తీసుకున్నాడు.

మొదటి రోజుల్లో విఠల్‌రావు ఇల్లు స్వర్గంలా ఉంది. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే ఆయన ముందు గదిలో దూదిలాంటి మంచు నెమ్మదిగా రాలేది. గల్లీ గల్లీ అంతా ఏదో ఒక పని పెట్టుకుని వచ్చేది. ఒకరు మల్లెపూలు తెచ్చి గూట్లో పెట్టి పోయేవాళ్ళు, ఒకరు పాలగిన్నె. ఎప్పుడూ పలకరించనివాళ్ళు కూడా విఠల్‌రావు ఆరోగ్యం గురించి అడిగి, జవాబు వినకుండా చాప వేసుకుని పడుకునేవాళ్ళు. రమాబాయికి పెరుగు తోడుకోవడం లేదన్న ఒక్క బాధ తప్ప ఇంకేం లేదు. స్వెటరు మీద చీర కొంగు కప్పుకుని, పీటేసుకుని అందరికీ చాయ్ పోసేది.

ఒక పొద్దున విఠల్‌రావు చదువుతూ ఆగాడు. వేలు పెట్టి మిగిలిన పేజీల మందం చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఏమైంది?" అంది రమాబాయి.

"సైన్యం నది దాటింది."

"మంచిదే కదా."

"మంచిదే. గానీ పుస్తకం ఇంకా ముప్పావు వంతు ఉన్నది."

అట్ట తిప్పి చూశాడు. 'మంచునది' అన్న పేరు కింద, చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: వెనుక దళం కథ. యుద్ధ చరిత్రలు చదివేవాళ్ళకు ఈ ఒక్క రోగం ఉంటుంది. ఆఖరికి ఎవరు గెలిచారో ముందే తెలుసు కాబట్టి పుస్తకం ఎవరి గురించి రాశారో చూసుకోరు.

సైన్యం నది దాటుతుంటే దుష్మన్‌ను ఆపడానికి వెనకున్న గుట్ట మీద కొంతమందిని వదిలిపెట్టారు. వాళ్ళే వెనుక దళం. సైన్యం ఇళ్ళకు చేరింది నిజమే. వెనుక దళం నది మధ్యకు వచ్చేసరికి గుర్రాలు అందుకున్నాయి. ఒక్కరూ దాటలేదు. ఈ సంగతి విఠల్‌రావుకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. ఏ పుస్తకంలో చూసినా సైన్యం గురించి పేజీలకు పేజీలు రాసి, వీళ్ళ గురించి ఒక్క వాక్యం రాసేవాళ్ళు. ఆయన ఆ వాక్యం మీదినుంచి ప్రతిసారీ నడిచి పోయేవాడు.

ఆయన పుస్తకం మూసి స్టూలు మీద పెట్టాడు. ఇక చదవనన్నాడు. రమాబాయికి గుండయ్య బిందె గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున పుస్తకం తెరిచి ఉంది. వంటింటివైపునుంచి వచ్చిన గాలి ఒక్కొక్క పేజీ తిప్పుతోంది, ఎవరో తడి వేలితో తిప్పుతున్నంత నింపాదిగా. విఠల్‌రావు దాని మీద సన్నికల్లు పెట్టాడు. మధ్యాహ్నం ఆయన అన్నం తిని వచ్చేసరికి సన్నికల్లు నేల మీదుంది, పుస్తకం ఇంకో అధ్యాయం ముందుకు పోయింది.

ఇప్పుడు రాలేది దూదిలాంటి మంచు కాదు. సన్నగా, గరుకుగా, చెంపలకు గుచ్చుకునేలా అడ్డంగా కొట్టేది. బిందెల్లో నీళ్ళు గడ్డకట్టాయి. చాపలు వేసుకుని పడుకునేవాళ్ళు ఒక్కొక్కరే చాపలు చుట్టుకుని, విఠల్‌రావు ఆరోగ్యం గురించి అడగకుండా వెళ్ళిపోయారు. పాలగిన్నెలు పెట్టినవాళ్ళు గిన్నెల కోసం కూడా రాలేదు.

రమాబాయి వంటింట్లో మంచు ఊడుస్తుండగా ఆమె చీపురు ఒకచోట ఆగిపోయింది. గ్యాస్ పొయ్యి కింద, మంచులో గుర్రపు డెక్క ముద్ర ఉంది. ఇంకొకటి పెరటి తలుపు దగ్గర. ఆమె వాటి మీద కూడా చీపురు తిప్పి, వచ్చి మొగుడికి చాయ్ ఇచ్చింది. ఆయన చాయ్ తాగి, పెరట్లోకి పోయి, డెక్క ముద్రలు కొత్తవి చూసి, వచ్చి ఖాళీ కప్పు ఆమె చేతికిచ్చాడు. ఒకరు చూసిన సంగతి ఇంకొకరికి తెలియకూడదని ఇద్దరూ అనుకున్నారు. గల్లీలో మాత్రం అందరికీ తెలిసింది.

విఠల్‌రావు పుస్తకం సంచిలో వేసుకుని కృపాకర్ దగ్గరికి పోయాడు. మంచు ఆయన వెంటే పోయింది. దారిలో ఆటోవాళ్ళు బండ్లాపి మొహాలు పైకెత్తి నిలబడ్డారు. ఇస్త్రీ బండిలో బొగ్గులు సుయ్‌మని ఆరిపోయాయి.

"కృపాకరన్నా, గిది తీస్కో. నాకొద్దు."

కృపాకర్ షట్టరు కిందినుంచి ఆయన కాళ్ళు చూశాడు. చెప్పుల్లో ఎడమకాలి వేళ్ళు నీలంగా ఉన్నాయి.

"పూర్తి అయ్యిందా?"

"కాలే."

"సగం నడిచిన యుద్ధం నేనెట్ల తీస్కుంటనన్నా? షాపుల పిల్లలు తిరుగుతరు."

"మరి నేనేం జేయాలె?"

కృపాకర్ షట్టరు అంచు మీది తుప్పు గోటితో గీకాడు. మాటకు మాట అంటించేవాడు మాట్లాడకపోతే వినేవాడికి భయమేస్తుంది. "అన్నా, చాప మీద పెట్టేముందు నేను జూసుకోవల్సింది" అన్నాడు చివరికి. విఠల్‌రావు సంచి భుజానికి తగిలించుకుని వెనక్కి నడిచాడు.

ఇంటికి వచ్చి రమాబాయితో అన్నాడు, "నువ్వు చాంద్రాయణగుట్ట పోయి మీ అక్క దగ్గరుండు. అయిపోయినంక ఫోన్ చేస్త."

"అయిపోయినంక ఎవరు చేస్తరు ఫోను?"

ఆమె పెట్టెలోంచి ఇంకో శాలువా తీసి ఆయన కాళ్ళకు చుట్టింది. వేళ్ళు పట్టుకుంటే ఆయనకు తెలియడం లేదు. గట్టిగా గిల్లింది. అయినా తెలియలేదు. పెరటి గోడ అవతల ఎక్కడో గుర్రం ఒకటి ముక్కు చీదింది.

"ఇప్పుడు ఏడున్నరు వాళ్ళు?" అని ఆమె అడిగింది.

"గుట్ట దిగుతున్నరు. రేపు పగటికి నది మీదికి వస్తరు."

"ఎంతమంది?"

"కొంతమందే మిగిలిన్రు. ఒకడు వంటోడు. కాళ్ళు పాడైనయి, కుంటుతుండు. మిగిలినోళ్ళు వదిలిపెట్టి రమ్మంటే సుత ఇనలేదు, భుజం మీద ఇత్తడి దేగిసా మోస్కొని వస్తుండు. ఒండుటానికి గింజ లేదు గానీ దేగిసా మాత్రం ఇడుస్తలేడు."

రమాబాయి వంటింట్లో గోడకు వేలాడే తన గిన్నెలవైపు చూసింది. తర్వాత లేచి, చెప్పులేసుకుని, పక్కింటికి పోయింది.

పరబ్రహ్మం ఇంట్లో తేయాకు తోటల గాలి చల్లగా తిరుగుతోంది. ఆయన ఆఖరి పేజీలో ఉన్నాడు, హీరోకు నిధి దొరకబోతోంది. రమాబాయి గుమ్మంలోనే నిలబడింది.

"అన్నయ్యా, మీరు ఆరోజు చేతిల పట్టుకున్న ఎడారి పుస్తకం ఉన్నది చూడున్రి, అది ఎంత వేడిగుంటది?"

పరబ్రహ్మానికి ఆమె ఏం అడుగుతోందో అర్థమైంది. మొహం తెల్లబడింది. "ఒకే కప్పు కింద రెండు పుస్తకాలా చెల్లెమ్మా? ఎప్పుడూ ఎవరూ చెయ్యలేదండీ. ఏ గాలి ఎటు పోద్దో..."

"ఆయన వెళ్ళరు" అంది కోటేశ్వరమ్మ వంటింట్లోంచి. "ఏమీ అనుకోకు రమా. మా ఆయన బొద్దింకకే కుర్చీ ఎక్కుతారు. గుర్రాలున్న చోటికి ఎలా పంపను?"

"అనుకోను వదినా" అని రమాబాయి వెళ్ళిపోయింది. నిజంగానే ఏమీ అనుకోలేదు. అదే కోటేశ్వరమ్మను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు ఎండ నెత్తి మీదికి వచ్చింది. గల్లీలో కుక్కలు కూడా మురికి కాలువలో దిగి పడుకున్నాయి. విఠల్‌రావు ముందు గదిలో నేల కనిపించడం లేదు. వంటింటి గుమ్మంనుంచి వీధి గడపదాకా ఒకటే మంచుగడ్డ పరుచుకుంది, నల్లగా, అద్దంలా. దివాన్ మీద ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. పుస్తకం ఆయన ఒళ్ళో ఉంది. చదవకపోతే గాలి చదువుతుంది, చదివితే కనీసం ఎక్కడున్నారో తెలుస్తుందని ఆయన చదువుతున్నాడు.

తలుపు కొట్టిన చప్పుడైంది. పరబ్రహ్మం. తలకు తువ్వాలు, చేతిలో కూరగాయల సంచి. వంకాయల కింద ఎడారి నవల.

"కోటేశ్వరమ్మ పంపింది" అన్నాడు. "పంపి, తలుపేసుకుని ఏడుస్తోంది. తేయాకు తోటలు పూర్తి చేసే వచ్చాను. కృపాకర్ దీన్ని సంచిలో వేసి ఒక్క మాట కూడా అనలేదండీ. ఆయనకు ఒంట్లో బాగున్నట్టు లేదు."

విఠల్‌రావు ఆ పుస్తకం చూశాడు. "దీంతో ఏం జేస్తరు?"

"గుర్రాలు మంచు మీదికి వచ్చాక ఇది తెరుస్తాను. ఎండకు గడ్డ పగులుద్ది. అవి ఆగిపోతాయి. మనవాళ్ళు..."

"గట్ల కాదు పరబ్రహ్మంగారు. నది పగలలే. గుర్రాలు దాటినయి. వీళ్ళు సచ్చిన్రు. జరిగిన సంగతి ఇది. ఇది మీ నవల కాదు, నడుమ కొమ్మ దొరకుటానికి."

పరబ్రహ్మం సంచిలో వంకాయలు సర్దుకున్నాడు. రమాబాయి మాత్రం ఊరుకోలేదు. "మీకు సచ్చుడన్న ఇష్టమే గానీ మీ మాట తప్పు వోవుడు ఇష్టం లేదు. జరిగిందంటున్నరు. ఎక్కడ జరిగింది? గా వంటోడు ఇంక మన వంటింట్లనే ఉన్నడు. చెవి పెట్టి ఇనున్రి."

ముగ్గురూ విన్నారు. వంటింటివైపునుంచి అడుగుల చప్పుడు. మంచు మీద జాగ్రత్తగా పెట్టే అడుగులు, చాలామందివి. ఎవరూ కనిపించలేదు. ఊపిరి ఆవిరి మాత్రం చిన్న చిన్న మబ్బుల్లా దివాన్ పక్కనుంచి వీధి గడపవైపు సాగుతోంది.

విఠల్‌రావు పుస్తకంలోకి చూశాడు. "నది మీదికి వచ్చిన్రు" అన్నాడు. అని, పరబ్రహ్మంవైపు తిరిగి, "నేను చెప్పేదాకా తెరవకున్రి. ఇప్పుడు పగిలితే వీళ్ళే మునుగుతరు" అన్నాడు.

పరబ్రహ్మం మంచు మీద కాళ్ళు పెట్టడానికి భయపడి దివాన్ ఎక్కి కూర్చున్నాడు. నవల మొదటి పేజీలో వేలు పెట్టి, అట్టను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. అట్ట అంచులోంచి వేడిగాలి సన్నగా వచ్చి ఆయన మీసాన్ని కదిలించింది.

విఠల్‌రావు పైకి చదివాడు. ముందున్నవాళ్ళు ఒడ్డు చేరారని చదవగానే వీధి గడప దగ్గర బరువైన అడుగు మెట్టు ఎక్కిన చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. ఆయన పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ వాక్యాన్ని మళ్ళీ చూశాడు. ఆ వాక్యం అక్కడ ఉండకూడదు. నడిమధ్యలో అందరినీ గుర్రాలు అందుకోవాలి. అయినా అక్షరాలు నల్లగా అచ్చయ్యే ఉన్నాయి.

అప్పుడు పెరట్లో డెక్కల చప్పుడు మొదలైంది. మొదట ఎక్కడో, గోడ అవతల. తర్వాత గోడ ఇవతల. రేకు మీద వడగళ్ళలా దగ్గరికి వచ్చింది. వంటింట్లో అలమర అదిరి స్టీలు గ్లాసులు కింద పడ్డాయి. చెమటా తోలూ కలిసిన వాసన గదిలోకి వచ్చింది.

"తెరవనా?" అన్నాడు పరబ్రహ్మం.

"ఆగున్రి."

"వచ్చేశాయండీ. గుమ్మంలో ఉన్నాయి."

"ఇంకొకడున్నడు."

నిజమే, ఒక అడుగు ఇంకా గది నడుమనే ఉంది. ఒక కాలు మంచు మీద ఆనిన చప్పుడు, ఇంకో కాలు ఈడ్చిన చప్పుడు. నడుమ నడుమ ఇత్తడి దేనికో తగిలి ఖంగుమంటోంది.

"గా గిన్నె పారేయమను" అంది రమాబాయి, ఎవరితోనో తెలియకుండా. "పారేసి ఉరుకమను."

"పారెయ్యడు" అన్నాడు విఠల్‌రావు.

మొదటి గుర్రం గదిలోకి వచ్చింది. అది కనిపించలేదు, కానీ దాని ఊపిరి విఠల్‌రావు చెవి మీద పడింది. ఆయన జుట్టు కదిలింది. పరబ్రహ్మం కళ్ళు మూసుకుని, "తెరుస్తున్నానండీ, నా వల్ల కాదు, తెరుస్తున్నాను" అంటూనే ఉన్నాడు. విఠల్‌రావు ఆయన చేతుల మీద తన చేతులు వేసి అదిమాడు. విఠల్‌రావు చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి. ఇంకొక్క క్షణం ఆగితే డెక్క దివాన్ మీద పడేది. ఆయనకు తెలుసు. అయినా కళ్ళు వీధి గడపవైపే పెట్టి వింటున్నాడు. ఒక కాలు. ఈడ్పు. ఒక కాలు. ఈడ్పు.

గడప మీద ఇత్తడి దేగిసా ఖణేల్‌మంది.

"ఇప్పుడు" అన్నాడు విఠల్‌రావు.

పరబ్రహ్మం నవల తెరిచాడు. ఎడారి ఎండ ఒక్కసారిగా గదిలోకి దూకింది. ఇసుక ఎగిరింది, పంకా రెక్కలు గిర్రున తిరిగాయి, గోడకున్న క్యాలెండరు అంచులు ముడుచుకున్నాయి. నేల మీది గడ్డ ఈ గోడనుంచి ఆ గోడదాకా పెద్ద శబ్దంతో చీలింది. గుర్రం సకిలించింది. డెక్కలు జారి, వెనక్కి తిరిగి, వంటింట్లోంచి, పెరట్లోంచి, గోడ అవతలికి దూరమైపోయాయి.

రెండు గాలులూ కాసేపు కొట్టుకున్నాయి. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని దివాన్ మీద వంగి కూర్చున్నారు. తర్వాత చప్పుడు ఆగింది. నీళ్ళు మోకాలి లోతున నిండి, మెట్లు దిగి, గల్లీలోకి పారుతున్నాయి. బయట ఎవరో నల్లా వచ్చిందని కేకేశారు. అందరూ బిందెలు పట్టుకుని వచ్చారు.

"గుర్రాలు మునిగినయా?" అని అడిగింది రమాబాయి.

"లేదు. వాపస్ పోయినయి" అన్నాడు విఠల్‌రావు.

"మంచిగైంది. గవేం పాపం చేసినయి."

విఠల్‌రావు ఎడమకాలి వేళ్ళు రెండు పోయాయి. డాక్టరు ఎట్లా పోయాయని అడిగితే చదువుతుంటే పోయాయని చెప్పాడు. డాక్టరు కూడా ఆ పక్కవాడే, తల ఊపి కట్టు కట్టాడు. పరబ్రహ్మం నవల సంగతి ఇంకొకటి. దాహంతో చావబోయి ఆఖరికి నిధి కనిపెట్టాల్సిన ఆ బిడారువాళ్ళకు ఎడారి మధ్యలో నది కనిపించింది. వాళ్ళు ఒంటెలను విప్పేసి, అక్కడే ఆగి, పుచ్చకాయలు వేశారు. మిగిలిన పుస్తకమంతా సాగు గురించే. ఒక్క కత్తి కూడా తీయలేదని ఆయన తిట్టుకుంటూనే చదువుతున్నాడు. కోటేశ్వరమ్మ మాత్రం ఇంత మంచి గాలి ఎప్పుడూ రాలేదని, ఇంకా మెల్లగా చదవమని పోరుతోంది.

కృపాకర్ తన దగ్గరున్న మిగతా చరిత్ర పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తీసి ఆ ఒక్క వాక్యం మాత్రం చూశాడు. అన్నిట్లోనూ వెనుక దళంలో ఒక్కరూ దాటలేదనే ఉంది. ఆదివారంనాడు షాపు ముందు లక్ష్మీకాంత్ వాటిల్లో ఒక పుస్తకం తెరిచి విఠల్‌రావు ముక్కు కింద పెట్టాడు.

"ఏమన్నా, నువ్వే కదా ఇన్నేండ్లు చెప్పింది. ఒక్కడు సుత దాటలేదని."

విఠల్‌రావు ఆ వాక్యం చదివాడు. "దాటిన్రు" అన్నాడు.

"ఎవరు చెప్పిన్రు?"

"చప్పుడు ఇన్న."

లక్ష్మీకాంత్ అందరివైపూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. విఠల్‌రావు కుంటుకుంటూ ఇంటికి పోయాడు.

'మంచునది' ఇంకా ఆయన స్టూలు మీదే ఉంది. ఆఖరి పేజీ ఒక్కటి చదవలేదు. గాలి కూడా ఇప్పుడు దాన్ని తిప్పడం లేదు. దానికి ముందు పేజీలో వెనుక దళంవాళ్ళు అవతలి ఒడ్డున ఒక గోడ చాటు చూసుకుని ఒకరి మీద ఒకరు ఒరిగి పడుకున్నారు. వంటవాడు మాత్రం నాలుగు పుల్లలు ఏరి, దేగిసాలో మంచు వేసి, నిప్పు ఊదుతున్నాడు. పుస్తకం అక్కడ ఆగింది. కృపాకర్ తిరిగి ఇమ్మని అడగడు.

ముందు గది మరీ చల్లగా ఉండదు, వేడిగానూ ఉండదు. కట్టెల పొగ వాసన మాత్రం సన్నగా వస్తుంటుంది. రమాబాయి పొద్దున్నే ఆ తలుపు చప్పుడు కాకుండా తీసి, చెప్పులు బయటే విడిచి, చీపురు నెమ్మదిగా ఆడిస్తుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే వేలు పెదాల మీద పెట్టి లోపలివైపు చూపిస్తుంది, మనుషులు అలసిపోయి పడుకున్నారని.